మీసాల లయన్‌ఫిష్ 19 రోజులుగా ఏమీ తినట్లేదు, ఏం చేయాలి?

మణికొండ_ట్యాంక్

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, ఇది నా ఫస్ట్ ఉప్పునీళ్ల ట్యాంక్. ఇంతకుముందు ఎనిమిదేళ్లు మంచినీళ్లలో ఆస్కార్లు, ఫ్లవర్‌హార్న్‌లు పెంచాను, అవి పెల్లెట్ పెడితే వేలుతో సహా లాక్కునే రకం, ఇది కూడా అలాగే ఉంటుందిలే అనుకున్నా, అక్కడే బోల్తా పడ్డా.

ట్యాంక్ 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 190 లీటర్లకి కాస్త తక్కువే నీళ్లు. పెట్టి మూడు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లూ డామ్సెల్ చేప, ఒక క్లీనర్ ష్రింప్ (రొయ్య) ఉండేవి. 19 రోజుల కింద ఫు మాంచు లయన్‌ఫిష్ తెచ్చా. అదే, నోటి దగ్గర రెండు మీసాలు, వీపు రెక్క వెనక భాగంలో రెండు కళ్లలాంటి మచ్చలు ఉంటాయి చూడండి, అది. జానెడు కూడా లేదు, 9 సెంటీమీటర్లు ఉంటుందేమో.

వచ్చిన రోజే రాయి కింద దూరింది, ఇప్పటికీ అక్కడే. ఫ్రోజెన్ మైసిస్ (సన్నటి రొయ్యల్లాంటివి) వేశా, చూడలేదు. రొయ్య ముక్క వేశా, అదీ చూడలేదు, డామ్సెల్ వచ్చి ఎత్తుకుపోయింది. ఆఫీస్ నుంచి మధ్యాహ్నం లంచ్‌కి ఇంటికొచ్చి మరీ పెడుతున్నా. షాపతను ‘గోల్డ్‌ఫిష్ పిల్లల్ని వెయ్యి బ్రో, దెబ్బకి తింటుంది’ అన్నాడు, నాలుగు వేశా, అవి ఉప్పునీళ్లలో గిలగిలా కొట్టుకుని పోయాయి, ఇది కన్నెత్తి కూడా చూడలేదు. మా ఆవిడ మాత్రం చూసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రీడింగ్‌లు: సాలినిటీ (ఉప్పు, సాంద్రత లెక్కలో) 1.026, అమ్మోనియా 0.25, నైట్రైట్ 0, నైట్రేట్ 20, పీహెచ్ 8.2, టెంపరేచర్ పొద్దున 28, మధ్యాహ్నం 30 దాటుతోంది. నీళ్లు వంటింటి ఆర్‌ఓవే, అందులోనే సాల్ట్ కలుపుతున్నా.

ఇంకో రెండు బాధలు. ఒకటి, క్లీనర్ ష్రింప్ నాలుగు రోజుల నుంచి కనబడట్లేదు, చచ్చిందేమో అని రాళ్లన్నీ లేపి చూశా, ఏమీ దొరకలేదు. రెండు, నిన్న రాత్రి నుంచి లయన్‌ఫిష్ ఒంటి మీద తెల్లగా పొరలాగా కనబడుతోంది, ఉన్నట్టుండి ఒళ్లు విదిలిస్తోంది. షాపతను కాపర్ మందు ఇచ్చాడు. సీసా చేతిలో పట్టుకుని ఈ పోస్ట్ టైప్ చేస్తున్నా. వెయ్యనా వద్దా?

కేపీహెచ్‌బీ_ఫిష్

ఇక్ (తెల్ల చుక్కల జబ్బు) బ్రో అది. డౌటే లేదు. వేసెయ్. నా టాంగ్ చేపకి గట్లనే అయింది, రెండు రోజులు ఆగినా, పోయింది.

వైజాగ్_వాసు

వెయ్యొద్దు! ఆ సీసా మూత పెట్టి లోపల పెట్టు తమ్ముడూ, తర్వాత మాట్లాడుకుందాం.

కేపీహెచ్‌బీ బ్రో, టాంగ్ వేరు, ఇది వేరు. ఇక్ అయితే ఉప్పు గింజలు చల్లినట్టు విడివిడిగా చుక్కలు ఉంటాయి. ఇతను చెప్పేది పొర. లయన్‌ఫిష్, స్కార్పియన్‌ఫిష్ జాతి మొత్తం ఒంటి మీద సన్నటి పొర ఒకటి అప్పుడప్పుడు విడుస్తాయి, పాము కుబుసంలాగా అనుకో, కానీ పాల మీద మీగడ అంత పల్చన. దాని మీద పేరుకున్న పాచి, పురుగూ పుట్రా అన్నీ ఆ పొరతో పాటు పోతాయి. విడిచే ముందు ఒళ్లు విదిలిస్తుంది, నోరు పెద్దగా ఆవులిస్తుంది, ముళ్లన్నీ పైకి లేపి ఊగుతుంది, మొదటిసారి చూసినోడికి ఫిట్స్ వచ్చినట్టే ఉంటాది. రేపటికి సన్నటి జాలీలాంటి ముక్కలు నీళ్లలో తేలడం చూస్తావు. చూడకపోతే అప్పుడొచ్చి నన్ను తిట్టు.

ఇక కాపర్ సంగతి. ఒకవేళ నిజంగా ఇక్ అయినా మెయిన్ ట్యాంక్‌లో కాపర్ వెయ్యకూడదు. రాళ్లు పీల్చుకుంటాయి, అంటే మోతాదు నిలబడదు, తర్వాత నెలల తరబడి కక్కుతూ ఉంటాయి, ఇంక ఆ ట్యాంక్‌లో రొయ్య, నత్త ఏదీ బతకదు. చేపల్ని తీసి వేరే డబ్బాలో పెట్టి, అక్కడ టెస్ట్ కిట్‌తో కొలుచుకుంటూ వైద్యం చేసి, మెయిన్ ట్యాంక్‌ని చేపల్లేకుండా 76 రోజులు వదిలెయ్యాలి. అంతా చేస్తే ఒక లెక్క, సగం చేస్తే ఏమీ చెయ్యనట్టే.

తిండి గురించి రాత్రికి రాస్తా, హార్బర్‌లో పని ఉంది.

మణికొండ_ట్యాంక్

మూత పెట్టేశా అన్నా. థాంక్యూ. కానీ ముందు తిండి గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్, 19 రోజులు ఏమీ తినకుండా ఎలా బతుకుతుంది?

ఆస్టిన్_అక్క

ఏమీ తినకుండా ఎవరున్నారు? మీ క్లీనర్ ష్రింప్ తలుపు తీసుకుని బయటికి నడిచి వెళ్లిందా? :)

తినేసింది అండి మీ మీసాలాయన. డెడ్ బాడీ లేదు, పెంకు లేదు, ఉన్నట్టుండి ఒక రాత్రి మాయం, ట్యాంక్‌లో దాన్ని మింగగలిగే నోరు ఇంకెవరికుంది. నేను 2016 నుంచి ఇక్కడ టెక్సస్‌లో డ్వార్ఫ్ లయన్‌లు (పొట్టి రకం లయన్‌ఫిష్‌లు) పెంచుతున్నా, ఈ ఫు మాంచు రెండోసారి (మొదటిది నా తప్పు వల్లే పోయింది, కింద చెప్తా), దీని లెవెల్ వేరు. పెద్ద వాలిటన్స్ లయన్‌ఫిష్ అయితే వారంలో మనిషిని చూసి కుక్కపిల్లలా అద్దం దగ్గరికొస్తుంది. ఇది రాత్రి జీవి. పగలు గుహలో తలకిందులుగా పైకప్పుకి అతుక్కుని ఉంటుంది, చీకటి పడ్డాకే వేట. మీరు ఫుల్ లైట్‌లో, మధ్యాహ్నం, డామ్సెల్ చుట్టూ తిరుగుతుండగా, కదలని ముక్క దాని ముందు పడేస్తున్నారు. మిమ్మల్ని పగలు 12 గంటలకి నిద్ర లేపి నడి రోడ్డు మీద ఆకేసి తినమంటే తింటారా?

ఇది తినడం ఒకసారి దగ్గర్నుంచి చూడండి, దీని సమస్య ఏంటో మీకే అర్థమవుతుంది. నా దాని ముందు చిన్న రొయ్య పాకుతూ వచ్చిందనుకోండి, మొదట ఏమీ చెయ్యదు, కళ్లు మాత్రమే తిరుగుతాయి. తర్వాత తల టిక్కున పక్కకి కొడుతుంది, మళ్లీ ఇంకో పక్కకి, మీసాలు వణుకుతాయి, వీపు మీద ముళ్లు ఒకదాని తర్వాత ఒకటి అటూ ఇటూ ఊగుతాయి, పక్క రెక్కలు విసనకర్రలా విప్పి రొయ్యని మూలకి నెడుతుంది. ఈదదు, నేల మీద గెంతుతూ వస్తుంది. ఇదంతా రెండు నిమిషాలు పడుతుంది ఒక్కోసారి. ఆ తర్వాత ‘టప్’ అని చప్పుడు, రొయ్య ఉండదు. అంత తీరిగ్గా పూజ చేసుకుని తినే జీవి ముందు డామ్సెల్ ఉంటే ఏమవుతుంది? దీనికి తల ఊపడం అయ్యేలోపు అది తినేసి వెళ్లిపోతుంది.

కాబట్టి నా లెక్కలో మీ చేపకి జబ్బు లేదు, టైం తప్పు, తిండి తప్పు, పొరుగు తప్పు. లైట్లు ఆర్పాక అరగంట ఆగి, ఎర్ర సెల్లోఫేన్ చుట్టిన టార్చ్‌తో చూడండి, ఎర్ర వెలుతురు చేపలకి పెద్దగా తెలియదు. మొదట బతికున్న చిన్న రొయ్యలే పెట్టాలి, ఫ్రోజెన్ సంగతి తర్వాత. ఇక్కడ మాకు గ్లాస్ ష్రింప్ అని దొరుకుతాయి, అక్కడ ఏం దొరుకుతాయో ఇండియా వాళ్లు చెప్పాలి.

గోల్డ్‌ఫిష్ మళ్లీ జన్మలో వెయ్యకండి. వాటి ఒంట్లో థయామినేజ్ అని ఎంజైమ్ ఉంటుంది, అది తిన్న చేప ఒంట్లో బీ1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. వారాల తరబడి అవే పెడితే చేప బ్యాలెన్స్ తప్పుతుంది, ఎదురుగా ఉన్న తిండిని కూడా గురి తప్పి గాల్లో కొరుకుతుంది. పైగా మంచినీళ్ల చేపల కొవ్వు సముద్రపు చేపకి పడదు, లివర్ చుట్టూ పేరుకుంటుంది. నా మొదటి ఫు మాంచు అలాగే పోయింది. రోజూ తింటోంది కదా అని మురిసిపోయాను, ఏడు నెలలు.

వైజాగ్_వాసు

అక్క చెప్పింది వంద శాతం. ఆ క్లీనర్ ష్రింప్ పాయింట్ నాకు తట్టనే లేదు, చదివి నవ్వుకున్నా.

ఇప్పుడు నీళ్లు. తమ్ముడూ, 0.25 అమ్మోనియా అని ఏదో లైట్‌గా రాసేసావు గానీ, మంచినీళ్ల ట్యాంక్‌లో 0.25 వేరు, ఉప్పునీళ్లలో వేరు. పీహెచ్ 8.2, వేడి 30 ఉన్నప్పుడు అమ్మోనియాలో విషపు భాగం ఎక్కువ అవుద్ది. మూడు నెలల ట్యాంక్‌లో అది సున్నా ఉండాలి. ఎక్కడి నుంచి వస్తోందో నువ్వే రాసేసావు కదా, రోజూ వేసిన మైసిస్, రొయ్య ముక్కలు, అవన్నీ రాళ్ల కింద కుళ్లుతున్నాయి. సైఫన్ పెట్టి లాగు, 20 శాతం నీళ్లు మార్చు, రెండు రోజులాగి మళ్లీ అంతే మార్చు.

ఆ వంటింటి ఆర్‌ఓ దగ్గర నాకు డౌట్ కొడుతోంది. ఏ మోడల్ అని అడగను గానీ, అందులో కాపర్ ఉందా? ఈమధ్య సగం ప్యూరిఫయర్లలో ‘రాగి గుణాలు’ అని ఒక కాట్రిడ్జ్ పెడుతున్నారు. మనకి మంచిదో కాదో నాకు తెలీదు గానీ రొయ్యకి యమపాశం. ఇంకోటి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఖనిజాలు) రుచి కోసం అని పచ్చి నీళ్లు కొంచెం కలిపే వాల్వ్ ఉంటాది. మీటర్ పెట్టి చూడు, 70, 80 వస్తే ఆ నీళ్లు ట్యాంక్‌కి పనికిరావు. పోస్ట్ ఫిల్టర్లు ఏవీ లేకుండా మెంబ్రేన్ నుంచి నేరుగా తీసి, దానికి డీఐ రెసిన్ (మిగిలిన ఖనిజాలు కూడా లాగేసేది) తగిలించాలి. నువ్వు బతికున్న రొయ్యలు వేసి అవి గంటలో చచ్చిపోతే మళ్లీ మొదటికొస్తాం.

వేడికి చిల్లర్ కొనే బడ్జెట్ లేకపోతే రెండు చిన్న ఫ్యాన్లు నీళ్ల పైకి కొట్టేటట్టు పెట్టు, రెండు మూడు డిగ్రీలు తగ్గుద్ది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు అక్కడే ఉంటాది, కాబట్టి తగ్గిన నీళ్లకి ఉప్పు కలపని నీళ్లే పొయ్యాలి. ఇది చెప్పకపోతే పది మందిలో ఆరుగురు ఉప్పునీళ్లే పోసి సాలినిటీ 1.030 చేస్తారు (ఆరో వాణ్ని నేనే). కరెంట్ పోతే బ్యాటరీ ఏర్ పంప్ తప్పనిసరి, వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ.

చెయ్యి జాగ్రత్త. చిన్నదే కదా అనుకోకు, వీపు మీద ముళ్లు, కింద ముళ్లు అన్నీ విషమే. నాకు రెండేళ్ల కింద అద్దం తుడుస్తుంటే బొటనవేలికి తగిలింది, అది నా మీదకి రాలేదు, నేనే చూడకుండా దాని మీదకి చెయ్యి పెట్టాను. పది నిమిషాలకి మోచెయ్యి దాకా పాకింది నొప్పి, తేలు కుట్టినోళ్లు చెప్తారే, అలాగ. వేడి నీళ్లలో పెట్టాలి, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు దాటకూడదు, ముందు రెండో చేత్తో చూసుకో, ఎందుకంటే కుట్టిన చేతికి ఆ నొప్పిలో కాలుతున్నదీ తెలీదు. అరగంట నుంచి గంటన్నర. ఆ విషం ప్రొటీన్, వేడికి చెడిపోద్ది. ఆ తర్వాత ఎలాగైనా ఆసుపత్రికి వెళ్లాలి, ఊపిరి ఆడకపోయినా కళ్లు తిరిగినా ఈ వేడి నీళ్ల ముచ్చట లేకుండా నేరుగా వెళ్లాలి.

కేపీహెచ్‌బీ_ఫిష్

ఓకే నేను ఒప్పుకుంటున్నా, ఇక్ కాదు. గీ పొర సంగతి నాకు తెల్వదు. ఒక మాట, నాకు షాపుల సీహార్స్ ఇస్తమన్నరు, గది కూడా గిట్లనే బతికున్న తిండే తింటదంట కదా, తీసుకోనా?

వైజాగ్_వాసు

తీసుకోకు. సీహార్స్‌లు, పైప్‌ఫిష్‌లని 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో పెట్టారు, అంటే పులికిచ్చిన రక్షణే ఇచ్చారు. అమ్మినోడికీ కొన్నోడికీ ఇద్దరికీ కేసే. పగడాలు కూడా అంతే, అందుకే మన దగ్గర ‘లైవ్ రాక్’ (పగడాల దిబ్బల నుంచి తీసిన రాయి) అని ఎవరైనా అమ్మితే ఆలోచించుకోవాలి, సిరామిక్ రాయి పెట్టుకుని బాక్టీరియా పెంచుకోవడమే దారి. ఇంతకంటే ఇక్కడ వద్దు, టాపిక్ మారిపోద్ది.

భీమవరం_రాజు

నమస్తే అండి. నేను చేపలు పెంచను, రొయ్యల చెరువులు మావి, మా అబ్బాయి ఫోన్‌లో ఇది చూపిస్తే రాస్తున్నాను. బతికున్న చిన్న రొయ్యలు దొరకవంటారేంటండీ, మా జిల్లాలో చెరువుకి లక్షల్లో ఉంటాయి!

వనామీ రొయ్య సీడ్ (పిల్లలు) చెరువులో వదిలిన రెండు మూడు వారాలకి మూడు సెంటీమీటర్లు వస్తుందండి, మీరు చెప్పిన చేపకి సరిగ్గా సరిపోద్ది. ఎవరైనా తెలిసిన రైతుని అడిగితే చెక్ ట్రేలో (రొయ్యల్ని చూసుకోడానికి చెరువులో దించే పళ్లెం) పడ్డవి ఒక పాతికో ముప్పయ్యో ఇస్తారు, డబ్బులు కూడా తీసుకోరు, నవ్వుతారంతే. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్ కొట్టి రబ్బరు బ్యాండ్ వేసి, థర్మాకోల్ డబ్బాలో పెట్టి రాత్రి బస్సుకి వేస్తే పొద్దున్నకి హైదరాబాద్‌లో దిగుతాయి. హేచరీల నుంచి సీడ్ వచ్చేదీ అలాగే కదండీ.

రెండు జాగ్రత్తలు. మా చెరువుల్లో ఉప్పు తక్కువ, ఒక్కోచోట 5 పీపీటీ (వెయ్యి పాళ్లలో 5) కూడా ఉండదు, మీ ట్యాంక్‌లో 35 ఉంటుంది. వనామీ ఎంత ఉప్పుకైనా అలవాటు పడే జాతే గానీ ఒక్కసారిగా వేస్తే తన్నుకుంటుంది. ఒక టబ్బులో ఏరేషన్ పెట్టి, మీ ట్యాంక్ నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ ఒకటిన్నర రోజు, రెండు రోజులు తీసుకోండి. రెండోది, ఈ పదిహేను రోజుల్లో ఆ చెరువుకి మందేమన్నా కొట్టారా అని అడగండి, కొట్టి ఉంటే వద్దు. వైట్‌స్పాట్ అని రొయ్యకి వచ్చే వైరస్ ఉంది, మీరు ఇందాక చేప ఇక్ అన్నారే అది వేరే, ఇది చేపకి రాదు, కానీ చెరువు నీళ్లు మాత్రం మీ ట్యాంక్‌లో పొయ్యకండి, వలతో రొయ్యని మాత్రమే ఎత్తి వెయ్యండి. ఆ నీళ్లు కాలవలో కూడా పారబొయ్యకండి.

మా రొయ్య చైనాకీ అమెరికాకీ వెళ్తుంది అనుకున్నాను గానీ మణికొండలో మీసాల చేపకి టిఫిన్ అవుద్ది అనుకోలేదు.

ఆస్టిన్_అక్క

రాజు గారూ, మీరు అప్పుడప్పుడు వస్తూ ఉండండి, ఈ ఐడియా బంగారం.

మణికొండ గారూ, రొయ్యలు వచ్చాక వెంటనే వెయ్యకండి. టబ్బులో ఉన్న ఆ రెండు రోజులూ వాటికి స్పిరులినా, మంచి పెల్లెట్ పొడి తినిపించండి, ఖాళీ కడుపు రొయ్య అంటే ఖాళీ కవరే, మీ చేపకి పోయేది ఏమీ ఉండదు. రోజు మార్చి రోజు రెండు చాలు. ఒక రెండు వారాలు బాగా తిన్నాక అప్పుడు పుల్ల మొదలుపెట్టండి. అప్పుడే చచ్చిన రొయ్యని పుల్ల చివర గుచ్చి దాని ముందు బతికున్న దానిలా కొంచెం కొంచెం కదపాలి. నేను ఇక్కడ అక్రిలిక్ కడ్డీ వాడతా. మీకైతే పుల్ల చీపురులో కొబ్బరి ఈనె ఒకటి పీకితే అంతకంటే మంచిది లేదు, సన్నగా ఉంటుంది, వంగుతుంది, కనపడదు. కాకపోతే కొస మొద్దు చెయ్యండి, లయన్‌ఫిష్ దూకిన స్పీడ్‌కి పుల్ల అంగిట్లో గుచ్చుకుంటుంది. పుండు పడితే మళ్లీ నెల రోజులు నిరాహార దీక్ష.

డామ్సెల్‌ని మాత్రం తీసెయ్యండి. అది మారదు.

మణికొండ_ట్యాంక్

అప్‌డేట్. మూడు వారాలైంది, సారీ, అందరికీ ఒకేసారి చెప్తున్నా.

వాసు అన్నా, మర్నాడు పొద్దున సరిగ్గా నువ్వు చెప్పినట్టే పంప్ దగ్గర తెల్ల జాలీ ముక్కలు చిక్కుకుని ఉన్నాయి, ఒకదాని మీద రెక్క అచ్చు కూడా ఉంది, ఫోటో తీసేలోపు క్లౌన్ లాక్కుపోయింది. ఆర్‌ఓలో కాపర్ ఉంది. టీడీఎస్ 84. నీళ్లు ఇప్పుడు ఒక తెలిసినాయన దగ్గర ఆర్‌ఓడీఐ క్యాన్లు తెచ్చుకుంటున్నా, నాలుగుసార్లు మార్చా, కార్బన్ పెట్టా, అమ్మోనియా సున్నా. ఫ్యాన్లు పెట్టా, 27 దాటట్లేదు.

డామ్సెల్‌ని పట్టడానికి రెండు గంటలు, ఒక సీసా ట్రాప్, మా ఆవిడ సాయం పట్టింది. తను ఇప్పుడు మాట్లాడుతోంది.

మా పెద్దనాన్న వాళ్లది పాలకొల్లు, వాళ్ల పక్క చెరువు రైతు 40 పిల్లలు పంపించాడు, రాజు గారూ మీరు చెప్పినట్టే నవ్వాడంట. ఆరు దారిలో పోయాయి. మూడో రోజు రాత్రి లైట్లు ఆర్పి, ఎర్ర టార్చ్ పట్టుకుని నేల మీద కూర్చున్నా. ఒక రొయ్య రాయి మీద నడుస్తోంది. గుహలోంచి మొదట మీసాలు వచ్చాయి. తర్వాత తల ఆ టిక్ టిక్, అక్క రాసింది చదివి ఉన్నా కూడా నాకు ఊపిరి ఆగింది. 7:52కి మొదలుపెట్టింది, 7:55కి టప్. ఇంట్లో నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ వాళ్లు మ్యాచ్ ఏదైనా ఉందా అని అడిగారు.

ఇప్పటికి 14 తింది. నిన్న ఈనెతో చచ్చిన రొయ్య పెట్టా, తల పక్కకి కొట్టింది, మింగింది, రెండు సెకన్లు నోట్లో పెట్టుకుని ఊసేసింది. అది మంచికా చెడ్డకా?

ఆస్టిన్_అక్క

చాలా మంచికి! నోట్లోకి తీసుకుంది అంటే తిండి అని ఒప్పుకున్నట్టే. తలకాయ, ముందున్న కొమ్ము తీసేసి సన్నగా కోసి పెట్టండి, ఫ్రిజ్‌లోంచి తీసినది అయితే చల్లదనం పోయేదాకా ట్యాంక్ నీళ్లలో నానబెట్టండి. ఒక రాత్రి రెండుసార్లు కంటే ఎక్కువ అడగొద్దు, ఊసేస్తే ముక్క వెంటనే తీసెయ్యండి.

భీమవరం_రాజు

ఇంకా కావాలంటే చెప్పండి, మాకు వచ్చే వారం కొత్త సీడ్ వస్తోంది.